సెకన్ల ముల్లు లేని వాచీ గురించి అమ్మడికి

చిరంజీవి అమ్మడికి అమ్మమ్మ ఆశీస్సులు.

కాకినాడలో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావనీ, మొదటి జీతంతో ఈ-పేపర్ వాచీ కొనుక్కుంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ ఇంట్లో నా తరువాత తెల్ల యూనిఫాం వేసుకోబోయేది నువ్వేనన్న సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఆ సంతోషం పక్కనే వాచీ గురించిన దిగులు వచ్చి కూర్చుంది.

దాని మంచిని కాదనను. లంకల్లో ఎండ పడితే నల్లటి అద్దంలా మారిపోయే ఫోను తెరలా కాక, ఇది వెలుతురు పెరిగినకొద్దీ అచ్చు కాగితంలా స్పష్టంగా కనిపిస్తుంది. సన్నని గుళికల్లోని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తు తగిలినప్పుడే పైకీ కిందికీ జరిగి, ఆ తరువాత జరిగినచోటే నిలిచిపోతాయి కనుక బ్యాటరీ చాలా రోజులు వస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను తరువాత కోనసీమలో కరెంటు లేక గడిపిన రోజులు తలచుకుంటే, రోజూ ఛార్జింగు అడగని వస్తువంటే నాకు గౌరవమే. చీకట్లో తనంతట తాను వెలగదు. దీపమున్న రకం చూసుకో.

నా భయమంతా ఆ నిలిచిపోవడం గురించే. ఆగేముందు తెరను ఖాళీ చేసే ఏర్పాటు లేకపోతే, బ్యాటరీ అయిపోయాక కూడా చివరిసారి చూపిన సమయమే అలాగే కనిపిస్తూ ఉంటుంది.

నేను ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే నర్సుగా, చేరిన కొత్తలో, సఖినేటిపల్లి వైపు ఒక లంక గ్రామంలో కాన్పుకు వెళ్లి రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఆ అలసటలో ఉదయం వాచీకి కీ ఇవ్వడం మరిచిపోయాను. బిడ్డ క్షేమంగా పుట్టాడు గానీ తల్లికి రక్తస్రావం ఆగలేదు. వశిష్ఠ గోదావరి దాటించి నరసాపురం తీసుకువెళ్లక తప్పదు. శ్రావణ మాసపు మబ్బు వల్ల పొద్దు ఎంత వాలిందో తెలియలేదు, ఆ ఇంట్లో మరో గడియారం లేదు. నా చేతి వాచీ నాలుగూ నలభై చూపింది. జనాన్ని నది దాటించే చివరి పంటుకు వ్యవధి ఉందన్న ధీమాతో, మంచానికి తాళ్లు కట్టేవాళ్లను తొందరపెట్టకుండా, ఆమెకు చీర మార్పించి నింపాదిగా బయలుదేరదీశాను. రేవుకు చేరేసరికి పంటు అవతలి ఒడ్డున దీపాలు వెలిగించుకుని ఉంది. ముళ్ల మీద సమయం చూశానే గానీ, సెకన్ల ముల్లు కదులుతోందో లేదో చూడలేదమ్మా.

చేపల పడవవాళ్ల కాళ్లు పట్టుకుని నది దాటాము. ఆ చీకట్లో ఒక చేత్తో ఆమె పొత్తికడుపు మర్దన చేస్తూ, మరో చేత్తో నాడి పట్టుకుని, అది ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్కించడానికి గడియారం లేక నా ఊపిరితో పోల్చుకుంటూ కూర్చున్నాను. ఆమె బతికింది. నేను పోగొట్టిన సమయం మాత్రం ఈనాటికీ నన్ను వదలలేదు.

అందుకే కోప్పడుతున్నాను: కొనే ముందు అది సెకన్లు చూపుతుందో లేదో అడగకుండా, రంగు నచ్చిందని డబ్బు కట్టేస్తావా? ఈ రకం వాచీల్లో చాలావరకు బ్యాటరీ ఆదా కోసం నిమిషానికి ఒకసారే తెర మారుస్తాయి. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న పసిబిడ్డకు శ్వాసలు నిమిషానికి 50 గానీ అంతకు మించి గానీ ఉన్నాయా లేదా అన్నది పూర్తి నిమిషం లెక్కించి తేల్చాలి. కదలని అంకెలను నమ్ముకుని అది ఎలా తేలుస్తావు? పెబుల్ వాచీలను కూడా ఈ-పేపర్ అనే అమ్మారు గానీ, వాటిలోనిది మెమరీ ఎల్‌సీడీ అనే, తక్కువ కరెంటుతో నడిచే వేరే రకం తెర. అది సెకన్లు చూపగలదు, కరెంటు పోతే తెర ఖాళీ అవుతుంది. ఆ సంస్థ 2016లో మూతపడింది కనుక, తయారుచేసినవాళ్లు తప్పుకుంటే వాచీ పరిస్థితి ఏమిటో కూడా ఆలోచించుకో. వార్డులో చేతులు మోచేతి దాకా కడుక్కోవలసినప్పుడు మణికట్టు మీద ఏదీ ఉండకూడదని నీకు చెప్పనవసరం లేదు.

కొనుక్కోవద్దని అనడం లేదు తల్లీ. నీ కష్టార్జితం, నీ ముచ్చట. సెలవు రోజుల్లో ఎండలో తిరిగేటప్పుడు హాయిగా పెట్టుకో. డ్యూటీకి మాత్రం, నరసాపురం బజారులో సెకన్ల ముల్లున్న పిన్ను వాచీ కొని, కొత్త బ్యాటరీ వేయించి, ఒక రాత్రంతా నా తలగడ పక్కన పెట్టుకుని చూసి మరీ మీ మామయ్య చేతికిచ్చాను. ఆదివారం కొబ్బరి లౌజు డబ్బాతో పాటు తెచ్చి ఇస్తాడు. యూనిఫాంకు ఎడమవైపు, వాచీలో పన్నెండు అంకె కిందికి ఉండేలా తగిలించుకో.

ఇట్లు,
మీ అమ్మమ్మ