ఎంఆర్ఐలో నల్లమచ్చ నిలిచి ఉంటే మూలకణాలు బతికి ఉన్నట్టేనా?

హనుమకొండ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఎముక మజ్జ నుంచి పెంచిన మూలకణాలకు ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు ఎక్కించి ఎలుక మోకాలిలోకి ఇచ్చారు. ఆరు వారాల తర్వాత కూడా స్కాన్‌లో నల్లమచ్చ ఉంది కాబట్టి, కణాలు బతికే ఉన్నాయని ప్రాజెక్టు రిపోర్టులో రాయవచ్చా అన్నది ఆమె సందేహం.

రాయకూడదని నా అభిప్రాయం. ఎంఆర్ఐ మనకు చూపేది ఇనుము ఉనికిని మాత్రమే. ఐరన్ ఆక్సైడ్ తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొట్టడం వల్ల పక్కనున్న నీటిలోని ప్రోటాన్ల సంకేతం త్వరగా క్షీణించి, ఆ చోటు అసలు పరిమాణం కన్నా పెద్దగా, నల్లగా కనిపిస్తుంది. కణం చనిపోయినా ఇనుము ఎక్కడికీ పోదు; శిథిలాలను తొలగించడానికి వచ్చిన మాక్రోఫేజ్‌లు దాన్ని మింగి చాలాకాలం అక్కడే ఉండిపోతాయి. సూది గుచ్చిన దారిలో రక్తం చేరితే, అందులోని ఇనుము కూడా ఇలాగే నల్లగా కనిపిస్తుంది. దీనికి విరుద్ధమైన చిక్కు కూడా ఉంది: బతికిన కణం విభజన చెందిన ప్రతిసారీ దానిలోని ఇనుము పిల్ల కణాల మధ్య పంచుకోబడుతుంది కనుక, మచ్చ వెలిసిపోవడం చావుకు సాక్ష్యం కాదు.

వరంగల్‌లో నేను ఇదే పని చేసిన రోజుల్లో, ఒక మోకాలిలో బతికిన కణాలనూ, రెండో దానిలో అదే విధంగా ఇనుము ఎక్కించాక గడ్డకట్టించి, కరిగించి చంపిన కణాలనూ ఇచ్చాము. వారాల తర్వాత తీసిన చిత్రాలను పేర్లు కనిపించకుండా పక్కపక్కన పెడితే, ఏది ఏ మోకాలో మాలో ఎవరూ చెప్పలేకపోయారు. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని అయినా సరే, ఈ చనిపోయిన కణాల గ్రూపును మీ ప్రయోగంలో తప్పక చేర్చండి.

కణాలకు ఇనుము ఎక్కించే పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత పరిశోధన పత్రాల్లో కనిపించే ఫెరిడెక్స్ అనే ఐరన్ ఆక్సైడ్ మందు చాలాకాలం క్రితమే మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. రక్తహీనతకు వాడే మరో ఐరన్ ఆక్సైడ్ మందు ఫెరుమాక్సిటాల్‌ను కణాలు తమంతట తాముగా అంతగా లోనికి తీసుకోవు కనుక, హెపారిన్, ప్రొటమైన్‌లతో కలిపి సీరం లేని మాధ్యమంలో ఇచ్చే పద్ధతి 2012లో వెలువడింది. తర్వాత హెపారిన్ కలిపిన సెలైన్‌తో బాగా కడగాలి, లేకపోతే కణాల బయట అంటుకున్న ఇనుమును లోపలిదిగా లెక్కించే ప్రమాదం ఉంది. ఇనుమును నీలంగా చూపే పెర్ల్స్ రంగు వేసిన స్లైడులో కేంద్రకం చుట్టూ నీలి రేణువులు గుంపుగా కనిపించాలి. కణాల మధ్య ఖాళీలో నీలం చెదిరి ఉంటే మళ్లీ కడగక తప్పదు. మీది మోకాలి పని కాబట్టి మరో విషయం: ఫెరిడెక్స్ ఎక్కించిన మూలకణాలు కొవ్వుగా, ఎముకగా మారగలిగినా మృదులాస్థిగా మారడం మాత్రం అడ్డగించబడిందని 2004లోనే ప్రచురితమైంది. మీరు వాడే మోతాదులో అలా జరుగుతోందేమో ముందుగా డిష్‌లోనే పరీక్షించుకోండి.

ఇనుముకు బదులు ఫ్లోరిన్ సమ్మేళనాన్ని కణాలకు ఎక్కించి, దాని సంకేతాన్నే చూసే ఫ్లోరిన్ ఎంఆర్ఐ వాడవచ్చా అని కూడా అడిగారు. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి తెలిసిన మనకు, ఎముకల్లోని ఫ్లోరైడ్ అడ్డురాదా అన్న అనుమానం సహజమే. అయితే గట్టి ఖనిజంలో బిగిసిపోయిన ఫ్లోరిన్ సంకేతం క్షణంలోనే అణగిపోతుంది కాబట్టి స్కాన్‌లో కనిపించదు. ఆ పద్ధతిలో నేపథ్య సంకేతం లేకపోవడం గొప్ప లాభమే. కానీ దానికి ప్రత్యేకమైన కాయిల్ కావాలి, కణాలూ ఎక్కువగా కావాలి, పైగా మాక్రోఫేజ్‌ల చిక్కు అక్కడా తీరదు.

బతుకును నిరూపించాలంటే జీవకణం మాత్రమే తయారుచేయగల లూసిఫరేజ్ (వెలుగు పుట్టించే ఎంజైము) వంటి గుర్తు ఉండాలి, లేదా మగ ఎలుక కణాలను ఆడ ఎలుకకు ఇచ్చి కణజాలంలో వై క్రోమోజోమును వెతకాలి. మీ దగ్గర ఇప్పటికే కణజాలం బ్లాకులు ఉంటే, పక్కపక్క కోతల్లో ఒకదానికి పెర్ల్స్ రంగు, మరొకదానికి మాక్రోఫేజ్‌లను గుర్తించే సీడీ68 యాంటీబాడీ వేసి చూడండి. నీలి రేణువులున్న కణాలే సీడీ68 కూడా చూపిస్తే, మచ్చ మాక్రోఫేజ్‌లదే. ఆ స్లైడులు చేతికొచ్చేదాకా రిపోర్టులో “ఇనుము సంకేతం ఆరు వారాల పాటు కీలులో నిలిచింది” అని మాత్రమే రాయండి.