స్టీరింగ్ బాక్స్ జోలికి ఇప్పుడే పోకు

జయపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత పికప్ గురించి నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా మనసులో పెట్టుకున్నాను. స్టీరింగ్ కొంత తిప్పేదాకా చక్రం కదలడం లేదు, యాభై దాటితే వణుకుతోంది, ఎడమకి లాగుతోంది అన్నావు. సెమిలిగుడలో ఎవరో స్టీరింగ్ బాక్స్, అదే స్టీరింగ్ రాడ్ చివర ఉండే పళ్ళ పెట్టె, మార్చెయ్యమన్నారని, నువ్వు దానికి డబ్బు సర్దుతున్నావని అక్క చెప్పింది. కాస్త ఆగు నాన్నా. బాక్స్ పాడైపోయి ఉండకూడదని ఏమీ లేదు. కానీ పాత పికప్‌లో లూజు ఎక్కువగా బాక్స్‌కీ చక్రానికీ మధ్య ఉన్న జాయింట్లలో తలా కొంచెం ఉంటుంది. కొత్త బాక్స్ బిగించినా అది పోదు. బాక్స్‌ని చివరికి ఉంచు. ముందు మిగతా జాయింట్లన్నీ చూడు.

నువ్వు చెప్పినవి ఒకే రోగం కాదు, మూడు. వాటిని కలపకు.

లాగడం సంగతి తేలికైనది. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే బండి కొంచెం ఎడమకి పోవడం సహజం. అందుకని ముందు చదునైన చోట చూడు. ముందు టైర్లు రెండింటిలో గాలి సమానంగా పట్టించి, అప్పటికీ లాగితే రెండు టైర్లనీ అటూ ఇటూ మార్చు. లాగే వైపు మారిందంటే తప్పు టైరుది. మారకపోతే కొంత దూరం నడిపి ఆపి, ముందు చక్రాల మధ్యనుండే హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడు, అంటించకు. ఒకటి మరీ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. అదీ కాకపోతే స్ప్రింగులా పనిచేసే కమాన్ పట్టీల మధ్య సెంటర్ బోల్టు విరిగి ఆక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగిందేమో టేపుతో కొలిచి చూడు. ఛాసిస్ మీద రెండు వైపులా ఒకేలా ఉన్న గుర్తు నుంచి ఆక్సిల్ దాకా దూరం సమానంగా ఉండాలి. ఆ పట్టీలని ఆక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులైన బండికి ఇది తరచూ వస్తుంది.

వణుకుకి ముందు రిమ్ము లోపలి వైపు చూడు. వానాకాలంలో పొలాల దారిలో తిరిగితే ఎర్రమట్టి అక్కడ గడ్డకట్టి ఉంటుంది. అది గీకేసి, తర్వాత వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. ఒక గుంతలో పడ్డాక స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు అదిరి, బండి దాదాపు ఆపితే గానీ తగ్గకపోతే అది బ్యాలెన్సింగ్ కాదు. ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్ పిన్నులు గానీ, రెండు ముందు చక్రాలనీ కలిపే టై రాడ్ కొసల జాయింట్లు, అంటే టై రాడ్ ఎండ్లు గానీ అరిగిపోయి ఉంటాయి. అలాంటి బండితో సుంకి ఘాట్ దిగొద్దు. ఆ రోజు సాలూరు కిరాయి పోతే పోనీ.

ఇక లూజు. దీనికే ఎక్కువ ఓపిక కావాలి. బండిని చదునుగా నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టు. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తకు. తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని చిన్నగా ఎడమకీ కుడికీ ఊపమను, పూర్తిగా తిప్పవద్దను. నువ్వు కింద పడుకుని ఒక్కొక్క జాయింటు మీద అరచెయ్యి వెయ్యి. బాక్స్ కింద వేలాడే డ్రాప్ ఆర్మ్, దాన్నించి చక్రం వైపు వెళ్ళే డ్రాగ్ లింకు కడ్డీ రెండు కొసలు, తర్వాత టై రాడ్ రెండు కొసలు. జాయింటుకి ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే లూజు అక్కడే. కంటికి కనపడని ఆట కూడా అరచేతికి టక్కుమని తెలుస్తుంది. స్టీరింగ్ రాడ్ తిరుగుతూ డ్రాప్ ఆర్మ్ కదలకపోతే మాత్రమే బాక్స్ మీద అనుమానపడు. అప్పుడు కూడా బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టే బోల్టులు వదులయ్యాయా, ఆ చోట ఛాసిస్ చీలిందా అని ముందు చూడు. బాక్సే మొత్తంగా కదులుతుంటే దాని లోపల పళ్ళు ఏం చేస్తాయి పాపం!

తర్వాత జాకీ ఎత్తి, ఆక్సిల్ కింద స్టాండ్లు పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకు. ఈ మాట మీ అమ్మ ముందు కూడా చెబుతాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే తమ్ముణ్ణి బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపు. ఆట పోతే హబ్ బేరింగ్ వదులు. పోకపోతే కింగ్ పిన్ను అరిగింది. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ల వైపు చూడు.

బేరింగ్ వదులైతే గ్రీజు మార్చి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలి, నట్టు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ను కొత్తది వెయ్యి. గరగరమని చప్పుడు వస్తే బేరింగే మార్చాలి.

టై రాడ్ ఎండు రబ్బరు చిరిగితే లోపలికి నీళ్ళూ మట్టీ పోయి గుండు అరిగిపోతుంది. దానికి రిపేరు లేదు, కొత్తది వెయ్యాలి. విప్పేముందు ఎన్ని చుట్లకి ఊడిందో రాసుకుంటే మళ్ళీ దాదాపు అదే కొలతకి ఎక్కించొచ్చు. ఒక వైపు మరలు ఉల్టా తిరుగుతాయి, బలం పెట్టి పాడుచెయ్యకు. ఎండు గుండుకున్న పిన్ను ఊడకపోతే దాని మరల మీద సుత్తితో కొట్టకు. నట్టుని కొసన ఉంచి, పిన్ను కూర్చున్న కన్నుకి రెండు పక్కలా రెండు సుత్తులతో ఒకేసారి కొడితే వదులుతుంది. బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలుపు, వెనక్కి వదిలి కలపకు. వాడిన స్ప్లిట్ పిన్ను మళ్ళీ వేసేవాడికి బండి ఇవ్వకు.

వంగిన టై రాడ్‌ని కాల్చి సరిచేస్తామనీ, అరిగిన జాయింటుకి వెల్డింగు పెడతామనీ చెప్పే షాపులు దారిలో తగులుతాయి. స్టీరింగ్‌కి సంబంధించిన ఏ ముక్కనీ కాల్చనివ్వకు, వెల్డింగు పెట్టనివ్వకు. కాల్చిన ఇనుము బలం మారిపోతుంది. అది ఎప్పుడు విరుగుతుందో కంటికి తెలియదు.

కింగ్ పిన్నుల పని నువ్వు చెయ్యకు. బుష్‌లు ప్రెస్ చేసి, పైదీ కిందిదీ ఒకే వరసలో రీమింగ్ చెయ్యాలి, అంటే లోపలి రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కాలి, కింద బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ చూసుకోవాలి. ఒక పక్క అరిగితే రెండు పక్కలా మారిస్తేనే బండి సమంగా నడుస్తుంది. దాని సామాను సాలూరులో దొరుకుతుంది, లారీల ఊరు కదా. తెలిసిన మేస్త్రీ చేత చేయించు, లేదా ఇక్కడికి తీసుకురా. అవి మళ్ళీ అరగకుండా చూసేది మాత్రం నువ్వే. చక్రం నేల మీద ఉండగా గ్రీజు కొడితే బరువు ఆనే చోటికి సరిగ్గా పోదు. ఆక్సిల్ ఎత్తి, చక్రం అటూ ఇటూ తిప్పుతూ, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టు.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. లూజు జాయింట్లతో చేయిస్తే ఆ డబ్బు దండగ. ఇంకా బాక్స్‌లో ఆట మిగిలితే, ఆయిల్ చూసి, చక్రాలు తిన్నగా ఉంచి, పైన అడ్జస్ట్ స్క్రూ ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, కొద్దిగానే తిప్పి లాక్ నట్టు బిగించు. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట వెనక్కి రాదు. ఘాట్‌లో అది లూజు కంటే ప్రమాదం.

లోడు సంగతి ఒకటి. కుందులి సంతలో అల్లం బస్తాలు వెనక తలుపు దాకా పేరుస్తున్నావట. బరువు వెనక ఆక్సిల్ దాటి వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై, బాగున్న స్టీరింగ్ కూడా ఊగుతుంది. బస్తాలు క్యాబిన్ వైపు నుంచి పేర్చు, బండి పుస్తకంలో రాసిన బరువు దాటకు.

ఈ పరీక్షలు ఆదివారం చేసి, ఏ జాయింటులో ఎంత ఆడిందో ఒక కాగితం మీద రాసి ఫోన్ చెయ్యి. కింగ్ పిన్ను అని తేలితే లోడు లేకుండా, మెల్లగా, పొద్దున్నే బయలుదేరి రా. అక్కకి నా నమస్కారాలు చెప్పు.

మామయ్య