వాటర్‌షెడ్‌లో షెడ్డు ఎక్కడుంది?

ఊరి బోర్డు మీది ‘వాటర్‌షెడ్ పథకం’, ఇంగ్లీషు పేపర్లో కనిపించే ‘వాటర్‌షెడ్ మూమెంట్’ రెండూ ఒకే మాటేనా, అందులో షెడ్డు ఎందుకొచ్చిందని అడిగారు. ఒకే మాట. షెడ్డు మాత్రం అందులో లేదు.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం పక్క పల్లె. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఊరి మొదట్లో ఆ బోర్డు పాతారు. నీళ్లకు రేకుల షెడ్డు కడతారని పిల్లలమంతా కాచుకున్నాం. వాళ్లేమో గట్టెక్కి (మా వైపు కొండను గట్టంటాం) కందకాలు తవ్వడం మొదలుపెట్టారు. ‘నీళ్లు పారేది కింద వంకలో గదా సారూ, గట్టు మీద ఏం పని?’ అని మా అబ్బ అడిగినాడు. ఆ ఇంజినీరు ఆయన్ను గట్టు కొసకు పిలుచుకొని పోయి, రాతి మీద చెంబుతో నీళ్లు వంచాడు. సగం మా చేలవైపు జారినాయి, సగం అవతలి ఊరివైపు. పొద్దున్నే మా జేజి దువ్వెన మొనతో చెల్లెలికి తీసే పాపిట అప్పుడు నా కళ్లముందు మెదిలింది.

డిగ్రీలో నిఘంటువు తిరగేస్తే ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషులో ‘షెడ్’ అంటే ఒకప్పుడు పాపిటే! స్కాట్లండ్ మాటల్లో ఆ అర్థం ఉంది. విడదీయడం అనే పాత క్రియ నుంచి వచ్చింది. ఆకులు రాల్చడానికి, కన్నీళ్లు కార్చడానికి వాడేదీ ఆ క్రియే. పశువుల షెడ్డుది వేరే పుట్టుక, అది నీడ అనే అర్థమున్న ‘షేడ్’కు చుట్టం. జర్మన్‌లో ‘వాసర్‌షైడ’ అంటే నీళ్లు విడిపోయే చోటు. దాన్ని చూసి 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు ‘వాటర్‌షెడ్’ అన్నారు.

కాబట్టి అసలు అర్థం నీళ్లను విడదీసే మిట్ట. మన జిల్లాలోనే చూడండి, వేదవతి నీళ్లు తుంగభద్రలో కలిసి కృష్ణకు పోతాయి, చిత్రావతి నీళ్లు పెన్నకు. కృష్ణకు పోయే నీళ్లనూ పెన్నకు పోయే నీళ్లనూ విడదీసే మెరక అచ్చమైన వాటర్‌షెడ్. అమెరికాలో మాత్రం ఆ మిట్టల నడుమ ఒకే వంకకు నీరు చేర్చే నేలనంతా అలా పిలిచారు. మన పథకాలవాళ్లు తీసుకున్నదీ ఈ అర్థమే. 1995 నుంచి అమలైన కేంద్ర మార్గదర్శకాల్లో ఒక్కో వాటర్‌షెడ్ సుమారు 500 హెక్టార్లు. పని గట్టు నుంచి కిందికి రావాలన్నది ఈ పథకాల్లో ముఖ్య సూత్రం. పైన నీటి ఉరుకు తగ్గించకపోతే కింద కట్టిన చెక్‌డ్యాం ఒండ్రుతో పూడిపోతుంది.

బ్రిటన్ టీవీలో రాత్రి 9 గంటల గీతకూ ఇదే పేరు, పిల్లలు చూడకూడనివి ఆ తర్వాతే వేయాలి. పేపర్లోని ‘వాటర్‌షెడ్ మూమెంట్’ కూడా అలాంటిదే: అక్కడి నుంచి కథ ఇంకో దిక్కుకు పారుతుంది. తెలుగు చేసేటప్పుడు దాన్ని ‘మలుపు’ అనండి, మిట్టను ‘జలవిభాజకం’ అనండి, నేలను ‘పరీవాహక ప్రాంతం’ అనండి. మా ఊళ్లో అయితే ఇప్పటికీ ఆ గట్టును ‘వాటర్‌షెడ్ గట్టు’ అనే అంటారు.