చిన్నీ, ఆ అంబాసిడర్ ఇంజన్ విప్పే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది, షెడ్డులో ఉన్న అంబాసిడర్ ఇంజన్ నువ్వే దగ్గరుండి దించి చేయిస్తానంటున్నావంట, మీ నాన్నేమో తుక్కు వాడికి ఇచ్చి పారేయమని కేకలేస్తున్నాడంట. విన్నాక నాకు ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది, రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంతమంది మగపిల్లలున్నారు, ఒక్కడూ స్పానర్ పట్టలేదు, నువ్వు పడతానన్నావు. ఆటోనగర్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసు, దాన్ని సానబట్టే గ్రైండింగ్ మిషన్ దగ్గర బతుకంతా గడిపినవాణ్ణి, నాకు ఒక్క మాట చెప్పకుండా ఆ యూట్యూబ్ చూసి మొదలుపెడతావా అని కోపం కూడా వచ్చిందనుకో, సరే అది తర్వాత.

ముందు అసలు విప్పాలో వద్దో తేల్చుకో. పొగ వస్తోంది, లాగట్లేదు అని చెప్పి ఇంజన్ మొత్తం దించేస్తారు, తీరా చూస్తే వాల్వులు రుద్దిస్తే పోయే పని అయ్యుంటుంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజ్ పెట్టి, సెల్ఫ్ తిప్పి రీడింగ్ రాసుకో. తర్వాత ఒక్కో దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. ఆయిల్ పోశాక రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులో బోరో (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అరిగినట్టు, పెరక్కపోతే వాల్వుల దగ్గరో హెడ్డు (సిలిండర్ల మీది మూత) ప్యాకింగ్ దగ్గరో లీకవుతున్నట్టు. హెడ్డు పని ఒక్కటే అయితే నీ డబ్బుల్లో సగానికి పైగా మిగిలినట్టే.

మీ ఫ్రెండ్ ఎవరో ఇసుజు ఇంజన్ వేయించెయ్ అన్నాడంట. మంచి ఇంజనే, కంపెనీవాళ్లే 90లలో 1800 సీసీది అంబాసిడర్‌లో పెట్టి అమ్మారు. కానీ మౌంటింగులు మార్చాలి, గేర్‌బాక్స్ మారుతుంది, దాంతోపాటు ప్రొపెల్లర్ షాఫ్ట్ పని, ఎగ్జాస్ట్ పని, చవకలో అయిపోతుంది అనుకున్నది ఎక్కడికో పోతుంది. పైగా ఇంజన్ మారిస్తే ఆర్టీవో దగ్గర పర్మిషన్ తీసుకుని ఆర్సీలో కొత్త ఇంజన్ నంబర్ ఎక్కించుకోవాలి, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది దానికి, ఏ చెక్‌పోస్ట్ దగ్గరో నంబర్ కలవకపోతే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, మీ తాతయ్య 1974లో కొన్న మార్క్ 2 అది, యాభై ఏళ్లు దాటిపోయింది. 2021లో వచ్చిన రూల్ ప్రకారం యాభై దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, కాకపోతే బండి ఒరిజినల్‌గా ఉండాలి, అలా చేయించాక రోజువారీ తిరగడానికి వాడకూడదు. నువ్వు వింటేజ్ చేయించినా చేయించకపోయినా, ఆ దారి మూసేసుకోవద్దు. ఉన్న 1489 సీసీ ఇంజనే చేయించు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ 2014లో మూతపడ్డా సామాన్లకి కరువేం లేదు, మన ఆటోనగర్‌లో దొరక్కపోతే చెన్నై పుదుపేట, అక్కడా లేకపోతే కలకత్తా మల్లిక్ బజార్, ఒకప్పుడు అక్కడ టాక్సీలన్నీ ఇవే కదా.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, బేరింగ్ షెల్స్, ఆయిల్ పంపు. వీటి దగ్గర బేరం ఆడు కానీ రకం తగ్గించకు. రంగు, క్రోమ్, సీట్లు అన్నీ వచ్చే ఏడాది చూసుకోవచ్చు. పిస్టన్లు ముందు కొను, అవి చేతిలో పెట్టాకే బోరు కొట్టమను, అంటే సిలిండర్ గోడ చెక్కి పెద్దది చేయమను, పిస్టన్ కొలతని బట్టి బోరు కొట్టాలి. అరుగుదల ఎంతో చూసి 20 థౌలో (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పోతే 20లోనే ఆపించు, ఊరికే 40కి వెళ్లిపోతే తర్వాతిసారికి బోరులో కొత్త గొట్టాలు, అదే లైనర్లు, దించడం తప్ప దారుండదు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ల క్యాపులు ఏ రాడ్‌వి ఆ రాడ్‌కే, విప్పేముందే గుర్తులు పెట్టుకో. బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) పక్కనుండే రేకు బిళ్లలు ఎలాగూ ఇంజన్ దించావు కాబట్టి మార్చెయ్, రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోసీ పోసీ లోపల బురద గడ్డ కట్టి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న ఎందుకు వద్దంటున్నాడో నీకు చెప్పడు, మీ అమ్మా చెప్పదు, నేనే చెప్తా.

నీ పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయించాలని ముహూర్తం పెట్టుకున్నారు. బండి అప్పటికే నీలం పొగ వదులుతోంది, మీ నాన్న ముహూర్తం లోపల ఇంజన్ చేయించేయాలని పట్టుబట్టాడు, పిల్ల మొక్కుకి తాతయ్య బండిలోనే వెళ్లాలి అని. బోరు కొట్టించాడు, క్రాంక్ 10 అండర్‌సైజ్‌కి, అంటే 10 థౌ సన్నగా, గ్రైండ్ చేయించాడు, కొత్త షెల్స్, కొత్త రింగులు, దేనికీ వెనకాడలేదు. కానీ బ్లాకు చేతికొచ్చేసరికి ఆలస్యమైపోయింది, బోరింగ్ షాపువాళ్లు కడిగే ఇచ్చాం అన్నారు, ఈయన కిరసనాయిలు గుడ్డతో పైపైన తుడిచి ఆ రాత్రే బిగించేశాడు. బ్లాకు లోపల ఆయిల్ వెళ్లే పొడవాటి దారి ఒకటుంటుంది, గ్యాలరీ అంటాం, దాని చివర్లకి ప్లగ్గులుంటాయి, ఆ ప్లగ్గులు విప్పలేదు. క్రాంక్ లోపల మెయిన్ బేరింగ్ నుంచి రాడ్ బేరింగ్‌కి ఆయిల్ వెళ్లే సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో పుల్ల కూడా పెట్టలేదు. బోరు కొట్టినప్పుడు రాలిన ఇనుప రజను, బోరు నునుపు చేసే హోనింగ్ రాయి పొడి, గ్రైండింగ్ పొడి అంతా ఆ దారుల్లోనే కూర్చుంది.

బండి మాత్రం బ్రహ్మాండంగా స్టార్ట్ అయింది తెలుసా, మీ నాన్న మొహం చూడాలి ఆరోజు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాటేదాకా ఏం లేదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక నేను వెనక సీట్లో ఉండి విన్నాను, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా కింద నుంచి టకటకమని. ఆపరా అన్నాను. ఇంకొంచెం దూరమే కదన్నయ్యా అన్నాడు. ఆ కొంచెం దూరంలోనే అయిపోయింది, సెల్ఫ్ కొడితే కూడా క్రాంక్ తిరగలేదు. చీకటి పడుతోంది, అడవి, నువ్వు ఆకలికి ఏడుస్తున్నావు, తెచ్చిన పాలు ఎండకి విరిగిపోయాయి. చివరికి ఆర్టీసీ బస్సాయన ఆపి నిన్నూ మీ అమ్మనీ ఎక్కించుకున్నాడు, ఆయన ఎవరో ఏ డిపోనో అడగను కూడా అడగలేదు మేము. మీ నాన్న బండి పక్కన రోడ్డు మీద కూర్చుండిపోయాడు, ఒక్క మాట లేదు.

తర్వాత లారీతో లాక్కొచ్చి ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ దించితే అడుగున వెండి పొడిలా బేరింగ్ రజను, షెల్స్ రాగి రంగు తేలిపోయాయి, క్రాంక్ మీద గోరు పెడితే గోరు ఆగేంత గాట్లు. నేనే 30కి గ్రైండ్ చేశాను దాన్ని. ఆ ఖర్చుకి మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. బండి బాగైంది కానీ ఆ తర్వాత మీ నాన్న దాన్ని నడుపుతుంటే రోడ్డు చూసేవాడు కాదు, ఇంజన్ వింటూ కూర్చునేవాడు, మారుతి కొన్నాక ఇంక తాళం తీయలేదు. కాబట్టి ఇప్పుడు ఆయన కేకలేస్తుంటే నీ మీద నమ్మకం లేక అనుకోకు తల్లీ, ఆయనకి ఇంకా ఆ ఘాటే కనబడుతోంది.

ఆ క్రాంక్ ఇప్పటికే 30లో ఉంది, ఇంక 40 ఒక్కటే మిగిలుంది, అదీ అయితే వేరే క్రాంక్ వెతుక్కోవాలి, అది గుర్తుపెట్టుకో. కాబట్టి బ్లాకు షాపు నుంచి రాగానే కడిగాం అన్న మాట నమ్మొద్దు. గ్యాలరీ ప్లగ్గులు విప్పించు, ఆ పొడవంతా వెళ్లే నైలాన్ బ్రష్ కొను, వేడినీళ్లలో సర్ఫ్ వేసి రుద్దు. కిరసనాయిలు జిడ్డు తీస్తుంది కానీ హోనింగ్ పొడిని బోరు గోడల నుంచి వదిలించేది సబ్బునీళ్లే. తర్వాత గాలి కొట్టి, తెల్ల గుడ్డకి కొంచెం ఆయిల్ రాసి బోరులో తిప్పు, గుడ్డ నల్లబడితే మళ్లీ కడుగు, తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. కడిగిన వెంటనే ఆయిల్ పూసెయ్, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది. క్రాంక్ రంధ్రాలకీ ఇదే. బిగించాక ఆయిల్ పంపు తడిగా ఉండాలి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చెయ్. డ్యాష్‌బోర్డు మీద ఉన్నదాన్ని నమ్మకుండా విడిగా ఒక ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించు, ఇది నా ఆజ్ఞ అనుకో.

హెడ్డు చేయించేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగులు, వేయించు, ఇది సీసం కలిపిన పెట్రోల్ రోజుల ఇంజన్, 2000 నుంచి ఆ పెట్రోల్ లేదు, పాత సీట్లు మెల్లగా లోపలికి దిగిపోతాయి. పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్ అన్నీ కొత్తవి, అదీ ఇథనాల్‌కి తట్టుకునే రకం, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం అదే కలుపుతున్నారు, పాత రబ్బరు పగిలి వేడి ఎగ్జాస్ట్ మీద కారిందంటే నేను ఊహించుకోలేను. పక్కన ఫైర్ సిలిండర్ లేకుండా స్టార్ట్ చేశావని తెలిస్తే నీతో మాట్లాడను. జాకీ మీద ఉన్న బండి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టు. జుట్టు ముడేసుకో, ఫ్యాన్ బెల్టు దగ్గర చున్నీ వద్దు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు అరవై దాటించకు, ఐదొందలకి ఆయిల్ మార్చు, మామూలు మినరల్ ఆయిల్ చాలు. ఘాట్ రోడ్డు అప్పుడే వద్దు, నేను చెప్పేదాకా శ్రీశైలం మాట ఎత్తకు.

టార్క్ రెంచ్ కొనకు, నాది ఇస్తాను. మైక్రోమీటర్ కూడా తెస్తాను, క్రాంక్ కొలిచాకే గ్రైండింగ్ కావాలో వద్దో చెప్తా, నేను వచ్చేలోపు ఎవరికీ ఇవ్వకు. బ్లాకు కడిగే రోజు మాత్రం మీ నాన్నని పిలువు. రానంటాడు. గ్యాలరీలోకి టార్చ్ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి నాన్నా అను, నీ మాట కాదనలేడు. రోజు ఖాయం చేసుకుని ఫోన్ చెయ్, పొద్దున్నే బస్సెక్కుతాను. మీ అమ్మకి చెప్పు, పచ్చడిలో కారం తగ్గించమని, నాకు ఈమధ్య పడట్లేదు.

మీ పెదనాన్న