శీలావతికి పేను: మందు కొట్టినా మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: ఆకివీడు దగ్గర ఐదెకరాల చెరువులో శీలావతి, బొచ్చె వేశాను. చేపలు ఎగిరి పడుతున్నాయి, కర్రలకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఒంటి మీద పేను కనబడుతోంది. రెండుసార్లు మందు కొట్టాం. పదిహేను రోజులు బాగుండి మళ్లీ వస్తోంది. ఇంకో మాట, మా అమ్మాయి గన్నవరంలో బీవీఎస్సీ చదువుతూ చేపల వైద్యం చేస్తానంటోంది. పశువుల డాక్టరుకి చెరువులో ఏం పనండీ?

జవాబు: మీ రెండో ప్రశ్నకి జవాబు మొదటి దాన్లోనే ఉందండీ. ఆవు ఒంటి మీది పిడుదు కడుపునిండా రక్తం తాగి రాలిపోయి, కొట్టం గోడ సందుల్లో గుడ్లు పెడుతుంది. ఆవుకి ఎంత మందు రాసినా కొట్టం శుభ్రం చేయకపోతే పిడుదు పోదు. చేప పేనూ అంతే. గుడ్లు పెట్టే వేళకు చేపని వదిలి, గట్టిగా ఉన్నదేదైనా వెతుక్కుంటుంది. మన చెరువుల్లో అవి మేతకి తవుడు సంచులు కట్టే వెదురు కర్రలే! మందు పేనుని చంపుతుంది గానీ గుడ్డుని చంపదు. నీటి వేడిని బట్టి రెండు వారాలు అటూ ఇటూగా గుడ్లు పగులుతాయి. మీ పదిహేను రోజుల లెక్క అదే.

వారానికోసారి ఆ కర్రలు పీకి ఎండలో బాగా ఎండబెట్టండి, బదులుగా ఎండినవి పాతండి. మందు మళ్లీ వేయాల్సి వస్తే ముందు నీళ్లు కొలవండి. ఎకరంలో ఐదడుగుల నీరంటే దాదాపు 62 లక్షల లీటర్లు. కంటి అంచనాతో పోస్తే తక్కువైతే దండగ, ఎక్కువైతే చేపకే ముప్పు. తెల్లవారుజామున చేపలు ఊపిరాడక పైకి తేలుతుంటే ఆ రోజు మందు జోలికే పోవద్దు. మరిచిపోకూడనిది ఒకటుంది: పేనూ రొయ్యా ఒకే వర్గానివి. దాన్ని చంపే మందు రొయ్యనీ చంపుతుంది. ఆ నీళ్లు బోదెలోకి వదిలితే పక్క రైతు రొయ్యల చెరువు పోతుంది, తర్వాత పంచాయితీ మీ ఇంటి ముందే.

ఇక అమ్మాయి. నేనూ బీవీఎస్సీ చదివే ఇటు వచ్చాను. గేదెకైతే జ్వరం చూస్తాం, నెమరేస్తోందా అని అడుగుతాం. చెరువు గట్టున ఇవేవీ పనికిరాక మొదట్లో బిక్కమొహం వేశాను. ఇక్కడ ముందు నీళ్లని పరీక్షించాలి. నీళ్లు, మేత, సీడు (చేపపిల్లలు) సంగతి బీఎఫ్ఎస్సీ, అంటే చేపల పెంపకం చదువు, చదివినవాళ్లకి మనకంటే బాగా తెలుసు, వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి నామోషీ పడకూడదు. పరాన్నజీవులు, చచ్చినదాన్ని కోసి చూడటం మాత్రం మన చదువులో గట్టిగా చెబుతారు. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఆ కర్రలు ఆమె చేతే తీయించండి. వాటి మీద వరుసగా అంటుకున్న గుడ్లని భూతద్దంతో చూడమనండి.