పాఠకుల ప్రశ్నలు: అడవిలో పెయింట్‌బాల్‌కి ఏ మార్కర్ కొనాలి?

ప్రశ్న: మేం ఎడిసన్‌లో ఉంటాం. ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి పెన్సిల్వేనియాలో పోకనో కొండల వైపు వెళ్లి అడవిలో పెయింట్‌బాల్ ఆడుతుంటాం. అద్దెకిచ్చే మార్కర్లతో (రంగు బాల్స్ కాల్చే తుపాకులు) విసుగొచ్చేసింది, బాల్ లోపలే పగిలిపోయి ఆట మధ్యలో ఆగిపోతోంది. సొంతది కొందామనుకుంటున్నాను. మాస్క్, గాలి ట్యాంక్ అన్నీ కలిపి 450 డాలర్ల దాకా పెట్టగలను. ఒక ఫ్రెండ్ ఎలక్ట్రానిక్ కొనమంటున్నాడు, సెకనుకు పది బాల్స్ పైనే కాలుస్తుందట. చెట్ల మధ్య నమ్మకంగా పనిచేసేది ఏది?
- పేరు వేయవద్దన్న పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఎలక్ట్రానిక్ వద్దండి, బ్యాటరీ లేని మెకానికల్ తీసుకోండి. అడవిలో తడి ఆకులు, బురద, ఉన్నట్టుండి పడే వాన, ఆట మధ్యలో అయిపోగల బ్యాటరీ, ఇన్నిటి మధ్య ఆడాలి. పైగా ఎదుటివాడు చెట్టు చాటు నుంచి ఒక్క క్షణం బయటికొస్తాడు, అప్పుడు కావాల్సింది ఒకటి రెండు సరైన దెబ్బలు. సెకనుకు పది కాల్చినా తొమ్మిది కొమ్మలకే తగులుతాయి, వాటి ఖర్చేమో మీది.

అసలీ ఆట పుట్టిందే అడవిలో. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ దగ్గర 12 మంది మొదటిసారి ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి అడవుల్లో చెట్లకీ, పశువులకీ రంగు గుర్తులు పెట్టడానికి వాడే నెల్‌స్పాట్ పిస్తోళ్లు. ఆ రోజు గెలిచినాయన ఒక్క బాల్ కూడా కాల్చకుండా, ఎవరికీ కనబడకుండా తిరిగి జెండాలన్నీ పట్టుకొచ్చాడు. అడవి ఆటకి వేగం ఎంత అవసరమో దీన్నిబట్టే చూడండి.

ఇక బాల్ ఎందుకు పగులుతోందో చెప్తాను, అది తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. పైనున్న హాపర్ (బాల్స్ నింపే డబ్బా) నుంచి బాల్ తన బరువుతోనే కిందికి జారుతుంది. అది పూర్తిగా దిగకముందే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే, బాల్‌ని బారెల్ (గొట్టం) లోకి తోయడానికి ముందుకొచ్చే బోల్ట్ సగం దిగిన బాల్‌ని కోసేస్తుంది. జిలేటిన్ పెంకు ముక్కలు, జిగట రంగు బారెల్ గోడలకి అంటుకుంటాయి. ఆ తర్వాత కాల్చే ప్రతి బాల్ ఆ జిగటలో దొర్లుకుంటూ వెళ్లి ఎటో వంకరగా పోతుంది, మీకేమో గురి కుదరట్లేదనిపిస్తుంది. అద్దె మార్కర్లలో డిటెంట్ అరిగిపోవడం ఇంకో కారణం. బాల్ ముందుకి జారకుండా ఆపే చిన్న రబ్బరు బొడిపె అది, అరిగితే ఒకటికి రెండు బాల్స్ లోపలికి దిగుతాయి.

మీ బడ్జెట్‌లో నేను చెప్పేది ప్లానెట్ ఎక్లిప్స్ వాళ్ల ఎమెక్ 100. బ్యాటరీ లేదు. తక్కువ ఒత్తిడితో నడుస్తుంది కాబట్టి బోల్ట్ మెత్తగా తోస్తుంది, పెళుసు బాల్స్ కూడా ఎక్కువగా పగలవు, ఏ పనిముట్టూ లేకుండా వెనక నుంచి బోల్ట్ లాగి తుడుచుకోవచ్చు. దీనికి నూనె వేయకూడదు, గ్రీజు రాయాలి. కంప్రెస్డ్ ఎయిర్ మాత్రమే వాడాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కించకండి.

అంత పెట్టలేకపోతే టిప్‌మన్ 98 కస్టమ్. బరువు, చప్పుడు రెండూ ఎక్కువే, బాల్‌ని ఎమెక్ అంత సుతారంగా తోయదు. కానీ కింద పడ్డా, బురదలో దొర్లినా పనిచేస్తుంది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, అలెన్ కీల సెట్ ఉంటే ఇంట్లోనే విప్పుకోవచ్చు, ఆటకి ముందు నాలుగు చుక్కల మార్కర్ ఆయిల్ చాలు. ఇది గాలితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ నడుస్తుంది.

నడుస్తుంది కదా అని మీరు మాత్రం కార్బన్ డయాక్సైడ్ జోలికి వెళ్లకండి. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని ఒత్తిడి 850 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది, చలికి సున్నా డిగ్రీలకి వచ్చేసరికి 500కి పడిపోతుంది. నవంబరులో పోకనోల్లో పొద్దున్నే ఆడితే బాల్ ముప్పై గజాలు పోకముందే నేలకి దిగిపోవడం చూస్తారు. వరసగా కాల్చినా ట్యాంక్ చల్లబడి అదే జరుగుతుంది, ఒక్కోసారి ద్రవం మార్కర్‌లోకి దిగి ఓ-రింగులని (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగులు) గడ్డకట్టిస్తుంది. గాలి ట్యాంక్‌కి రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి ఒత్తిడి నిలకడగా వస్తుంది. 48 క్యూబిక్ అంగుళాల, 3000 పీఎస్‌ఐ అల్యూమినియం ట్యాంక్ మొదట్లో చాలు. సెకండ్ హ్యాండ్ కొంటే దాని మీద ముద్రించిన పరీక్ష తేదీ చూడండి, సాధారణంగా ఐదేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) అవ్వాలి, గడువు దాటితే మైదానంలో గాలి నింపరు.

మార్కర్ కూడా సెకండ్ హ్యాండ్‌దైతే గాలి ఎక్కించి చెవి దగ్గర పెట్టుకుని వినండి, సన్నగా బుస్సుమంటే ఓ-రింగ్ పోయినట్టే. అది పది నిమిషాల రిపేరే, దానికి భయపడక్కర్లేదు. బాడీ మీద పగులు ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.

పొడవాటి బారెల్ పెడితే గురి పెరుగుతుందని చాలామంది డబ్బు తగలేస్తారు. 12 నుంచి 14 అంగుళాలు సరిపోతుంది, అంతకు మించితే పొదల్లో తగులుకోవడమే. ఆ డబ్బు మాస్క్ మీద పెట్టండి. నిజానికి మొదట కొనాల్సింది అదే. రెండు పొరల థర్మల్ లెన్స్ ఉన్నది తీసుకోండి, పరిగెత్తినప్పుడు అంత త్వరగా ఆవిరి పట్టదు. ఆవిరి పట్టిందని మైదానంలో మాస్క్ ఎత్తేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. సెకనుకు 280 అడుగుల వేగంతో వచ్చే బాల్ కంటికి తగిలితే చూపే పోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. పుట్టినరోజుకి ఫ్రెండ్స్‌తో పెయింట్‌బాల్‌కి వెళ్తానంటున్నాడు. దెబ్బలు తగులుతాయేమోనని టెన్షన్‌గా ఉంది, పంపొచ్చా?
- ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పంపండమ్మా, కానీ పెద్దవాళ్లు ఆడే ఆటకి కాదు. వాళ్లు వాడేది 0.68 అంగుళాల బాల్, పిల్లలకి 0.50 అంగుళాల బాల్స్‌తో లో ఇంపాక్ట్ ఆట విడిగా ఉంటుంది. బాల్ బాగా తేలిక, దెబ్బ తక్కువ. బుక్ చేసేముందు ఆ మైదానానికి ఫోన్ చేసి అది ఉందా, ఏ వయసు నుంచి ఆడనిస్తారు అని అడగండి. మెడకి గుడ్డ చుట్టి, నిండు చేతుల చొక్కా వేసి పంపండి. మాస్క్ మాత్రం మీరే దగ్గరుండి పెట్టించండి, పట్టీ బిగించాక తల గట్టిగా అటూ ఇటూ ఊపమనండి, కదిలితే చిన్న సైజుది అడిగి మార్పించండి.