కుర్ర గోలీకి ఎంత ఇవ్వొచ్చు? చిన్నాకి బాబాయ్ ఉత్తరం

ఒరేయ్ చిన్నా,

ఐస్ హాకీ పూల్‌లో (అసలు ఆటగాళ్ళని మనవాళ్ళుగా పంచుకుని పాయింట్లు లెక్కేసుకునే పందెంలో) ఆ కుర్ర గోలీని, అదే గోల్‌కీపర్‌ని, తెచ్చుకోనా అని అడిగిన నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, పైగా మీ పిన్ని మధ్యలో ఫోన్ లాక్కుని నీ పెళ్ళి సంబంధాల దగ్గరికి వెళ్ళిపోతుంది. అందుకే రాస్తున్నా. నువ్వు అడిగిన ఆ గోలీ పేరు మాత్రం ఇందులో రాయను. ఇది పొరపాటున మీ పూల్‌లో ఎవడికైనా ఫార్వర్డ్ అయిందంటే రేటు పెరుగుతుంది.

నాకు అర్థమైనంతవరకు బేరం ఇదీ. మీ కీపర్ పూల్‌లో, అంటే కొందరు ఆటగాళ్ళని ఏటికేడు అట్టిపెట్టుకునే పూల్‌లో, ఒకడు 21 ఏళ్ళ గోలీని ఇస్తానంటున్నాడు. ఆ కుర్రాడు పోయిన సీజన్ చివర్లో 15 మ్యాచ్‌లు ఆడి అదరగొట్టాడు. బదులుగా నీ దగ్గరున్న 26 ఏళ్ళ వింగర్‌ని (పక్కల్లో ఆడే ఫార్వర్డ్‌ని), ఏటా 70 పాయింట్లు తెచ్చేవాణ్ణి, అడుగుతున్నాడు. ఆ రేటుకి వద్దు. కుర్రాడు మంచివాడే కావచ్చు, నేనూ రెండు మ్యాచ్‌లు చూశాను, నాకూ నచ్చాడు. అయినా వద్దు.

ఈ విషయంలో నేను బోలెడు నష్టపోయి నేర్చుకున్నానురా. 2006 జనవరిలో వాంకూవర్‌లో ప్రపంచ జూనియర్ పోటీలు జరిగాయి, ఫైనల్లో కెనడా రష్యాని 5-0తో కొట్టింది. నెట్‌లో ఉన్నది జస్టిన్ పోగ్, మా టొరంటో లీఫ్స్ డ్రాఫ్ట్‌లో (టీములు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) తీసుకున్న కుర్రాడు. ఊరంతా ఒకటే గోల, ఇక పదేళ్ళు మనకి గోలీ బెంగ లేదని. నేను మా ఆఫీసు పూల్‌లో నిక్షేపంలాంటి డిఫెన్స్‌మన్‌ని ఇచ్చేసి పోగ్‌ని తెచ్చుకున్నాను. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు కూడా. నాకు ఓదార్పు ఏమిటంటే, లీఫ్స్ నాకంటే పెద్ద తప్పు చేశారు. ఆ జూన్‌లో, పోగ్ ఉన్నాడు కదా అని, 2005 డ్రాఫ్ట్‌లో 21వ పిక్‌గా (ఎంపికగా) తీసుకున్న గోలీ టూకా రాస్క్‌ని బోస్టన్‌కి ఇచ్చి ఇంకో గోలీ ఆండ్రూ రేక్రాఫ్ట్‌ని తెచ్చుకున్నారు. రేక్రాఫ్ట్‌ది 2004 కాల్డర్ ట్రోఫీ, అంటే ఆ ఏటి మేటి రూకీ. రెండేళ్ళకి లీఫ్స్ అతని కాంట్రాక్ట్‌ని బయౌట్ చేసి (మిగిలిన డబ్బులో కొంత ఇచ్చి తెంచుకుని) పంపేశారు. పోగ్ పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆడినవి మొత్తం 7 మ్యాచ్‌లు. రాస్క్ 2014లో వెజినా, అంటే ఆ ఏటి మేటి గోలీ ట్రోఫీ, గెలిచాడు. ఇంకో సంగతి, ఆ జూనియర్ పోటీల్లో బెస్ట్ గోల్‌కీపర్ అవార్డు ఇచ్చింది రాస్క్‌కే. మేం మా జెండా చూసుకున్నాం, అవతలి నెట్ వైపు చూడలేదు.

ఇక నీ 15 మ్యాచ్‌ల సంగతి. మ్యాచ్‌కి 28 షాట్ల చొప్పున వేసుకో, 420 షాట్లు. 92 శాతం ఆపినవాడు 34 గోల్స్ ఇస్తాడు, 90 శాతం ఆపినవాడు 42. తేడా ఎనిమిది గోల్స్, అంతే. ఆ ఎనిమిదిలో పోస్ట్‌కి తగిలి బయటికి పోయినవి ఎన్ని, మనవాడి స్కేట్‌కి తగిలి లోపలికి పోయినవి ఎన్ని, ఎవడు లెక్కపెట్టాడు? ఇంజనీరింగ్‌లో స్టాటిస్టిక్స్ చదివావు కదా, నువ్వే వేసి చూడు: అసలు సత్తా 90 శాతమే ఉన్నవాడికి కూడా 420 షాట్లలో అదృష్టం ఒక్కటే ఆరు గోల్స్ అటో ఇటో తిప్పడం మామూలు. అదే రెండు సీజన్లు, ఏడాదికి 50 మ్యాచ్‌లు చూశావనుకో, అప్పుడు ఆ ఊగిసలాట అర శాతం దగ్గరికి దిగుతుంది, అప్పుడు మాట్లాడొచ్చు. ఇక్కడ ఇంకో చిక్కుంది, పదేళ్ళ కిందట లీగ్ సగటు 91.5 దగ్గర ఉండేది, ఇప్పుడు 90 దగ్గరికి పడిపోయింది. నాలాంటి పాతవాళ్ళు 90.5 చూసి పెదవి విరుస్తారు, కానీ ఈ రోజుల్లో అది సగటు కంటే మెరుగే.

జూనియర్ పోటీల్లో అంకెలకైతే అసలు లొంగకు. 2021లో డెవన్ లీవై అనే కుర్ర గోలీ అక్కడ 96.4 శాతం ఆపాడు, నమ్మగలవా? ఆ జూలైలో బఫలో టీమ్ ఫార్వర్డ్ శామ్ రైన్‌హార్ట్‌ని ఫ్లోరిడాకి ఇచ్చి లీవైని, దాంతో పాటు ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని తీసుకుంది. రైన్‌హార్ట్ 2023-24లో 57 గోల్స్ కొట్టి అదే ఏడాది లీగ్ స్టాన్లీ కప్పు ఎత్తాడు. లీవై కింది లీగ్‌లో రోచెస్టర్‌కీ బఫలోకీ మధ్య తిరుగుతుండగా నెట్‌ని లుక్కోనెన్ అనే ఇంకో గోలీ పట్టేశాడు. లీవై పనికిరాడని అనడం లేదు, గోలీలు 24, 25 ఏళ్ళకి గానీ ముదరరు. నేను చెప్పేది, ఆ లోపు నీ దగ్గర్నుంచి వెళ్ళినవాడు ఎంత ఆడేస్తాడో అది కూడా ధరలో కలుపుకోవాలని.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, మీ కుర్రాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. గోలీ ఎంత బాగా ఆడతాడు అని ఒకటే చూస్తారు, అతని ముందు ఎవడు కూర్చున్నాడో చూడరు. ఫార్వర్డ్‌లయితే టీమ్‌లో పన్నెండు మంది ఆడతారు, నాలుగో లైన్‌లో అయినా ఇరికించొచ్చు. గోలీకి ఉన్నది ఒక్క కుర్చీ. మన క్రికెట్‌లో వికెట్ కీపర్ల లాగా. ధోనీ టెస్టులు మానే దాకా సాహాకి చోటు ఖాళీ కాలేదు, తర్వాత మన వైజాగ్ కుర్రాడు భరత్ ఏళ్ళ తరబడి బెంచీ మీదే ఉన్నాడు, పంత్‌కి ప్రమాదం జరిగాక 2023లో గానీ టెస్టు టోపీ దొరకలేదు.

హాకీలో దీనికి గోలీ బోబ్రోవ్‌స్కీని మించిన ఉదాహరణ లేదు. అతన్ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఫిలడెల్ఫియా ఊరికే సంతకం చేయించుకుంది. మరుసటేడు ఆ టీమే ఇంకో గోలీ బ్రిజ్‌గలోవ్‌కి 9 ఏళ్ళు, 5 కోట్ల 10 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. దాంతో 2012 జూన్‌లో బోబ్రోవ్‌స్కీ ఒక సెకండ్ రౌండ్, రెండు ఫోర్త్ రౌండ్ పిక్‌లకి కొలంబస్‌కి పోయాడు. మరుసటి సీజన్‌లోనే వెజినా! ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియా బ్రిజ్‌గలోవ్‌ని బయౌట్ చేసింది. ఇప్పుడు కథ తిరగేసి చూడు. 2019 జూన్‌లో ఫ్లోరిడా 13వ పిక్‌తో కుర్ర గోలీ స్పెన్సర్ నైట్‌ని తీసుకుంది. పది రోజులకే అదే బోబ్రోవ్‌స్కీకి 7 ఏళ్ళు, 7 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఒకప్పుడు అడ్డు పడి నలిగినవాడే ఇంకొకడికి అడ్డయ్యాడు, 2025 మార్చిలో నైట్ షికాగోకి పోయాడు, అతనికి తోడు ఒక ఫస్ట్ రౌండ్ పిక్ ఇస్తే గానీ డిఫెన్స్‌మన్ సెత్ జోన్స్ రాలేదు. నాష్‌విల్‌లో కూడా అంతే, 2024లో గోలీ సారోస్‌కి 8 ఏళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు, 2020లో 11వ పిక్‌గా తీసుకున్న కుర్ర గోలీ అస్కరోవ్ ఇక నా వల్ల కాదని ట్రేడ్ అడిగి శాన్ హోసేకి వెళ్ళాడు.

కాబట్టి నీ కుర్రాడి విషయంలో మొదట నువ్వు తెరవాల్సింది హైలైట్స్ వీడియో కాదు, ఆ టీమ్ కాంట్రాక్టుల పేజీ. నేను చూశాను. ముందున్నవాడికి ఇంకా నాలుగేళ్ళుంది, ట్రేడ్ చేయకూడదనే షరతు కూడా ఉంది. మీ పూల్‌లో ఆ నాలుగేళ్ళు నువ్వు ఒక కీపర్ చోటు ఖాళీగా మేపాలి.

రెండోది వేవర్స్ లెక్క, అంటే ఆటగాణ్ణి కింది లీగ్‌కి దించేటప్పటి నిబంధన. 18 ఏళ్ళకి సంతకం చేసిన గోలీని ఆరేళ్ళు గానీ 80 ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌లు గానీ, ఏది ముందైతే అది, అయ్యేదాకా కింది లీగ్‌కి ఉచితంగా దించుకోవచ్చు. ఆ గడువు తీరాక దించాలంటే మిగతా టీములన్నిటికీ ఊరికే పట్టుకుపోయే అవకాశం ఇచ్చినట్టే. అందుకని గడువు దగ్గరపడ్డ గోలీ మీద టీమ్ ఏదో ఒకటి తేల్చుకుని తీరాలి, పైకి తేవడమో అమ్మడమో. నీలాంటివాడు కొనాల్సింది అప్పుడు, లేదా దానికి ఆర్నెల్లు ముందు. నీ కుర్రాడికి ఇంకా చాలా టైముంది, అంటే టీమ్‌కి ఏ తొందరా లేదు, నీకెందుకు?

రేట్ల విషయానికొస్తే, నిజం టీములు గోలీలకి ఏమిచ్చాయో గుర్తుపెట్టుకో. వార్లమోవ్ 2011లో ఒక ఫస్ట్, ఒక సెకండ్ రౌండ్ పిక్‌కి పోయాడు, ఆ ఫస్ట్‌తో వాషింగ్టన్ ఫార్వర్డ్ ఫోర్స్‌బెర్గ్‌ని తీసుకుంది (తీసుకుని ఏడాదిలోపే అమ్మేసుకుంది, అది వేరే ఏడుపు). 2013లో కోరీ ష్నైడర్‌కి న్యూజెర్సీ 9వ పిక్ ఇచ్చింది, దాంతో వాంకూవర్‌కి బో హోర్వాట్ వచ్చి తర్వాత కెప్టెన్ అయ్యాడు. ష్నైడర్ రెండుమూడేళ్ళు నిజంగా బాగా ఆడాడు, ఆ తర్వాత తుంటి నొప్పి, 2018లో ఆపరేషన్. బటర్‌ఫ్లై ఆటలో మోకాళ్ళు కిందికి వాల్చి వాల్చి తుంటి, గజ్జలు పోతాయిరా, అందుకే 21 ఏళ్ళకే గజ్జ గాయం రెండుసార్లు అయినవాడిని నేను ముట్టుకోను. ఇక అదృష్టం అంటే మిన్నెసోటాది, 2022లో 35 ఏళ్ళ టాల్బట్‌ని ఇచ్చి 24 ఏళ్ళ గుస్తావ్‌సన్‌ని తెచ్చుకుంటే మరుసటేడు 93.1 శాతం. ఆ తర్వాతి ఏడాది 90 లోపుకి పడ్డాడు, మళ్ళీ లేచాడు. గోలీలు అంతే.

డ్రాఫ్ట్‌లో ఏ రౌండ్ అన్నది పెద్దగా పట్టించుకోకు. పేరుమోసిన గోలీల్లో హెల్లెబక్ 130వ పిక్, షెస్టెర్కిన్ 118, లండ్‌క్విస్ట్ 205, డస్టిన్ వుల్ఫ్ 214. పెద్ద పిక్ అన్న పేరుకి పూల్‌లో ఎక్కువ రేటు పలుకుతుంది, అంటే నువ్వు అమ్మేటప్పుడు పనికొస్తుంది, కొనేటప్పుడు చేటు.

టీవీలో చూసేటప్పుడు ఆపిన షాట్‌ని చూడకు, ఆపాక పక్ (హాకీ బిళ్ళ) ఎక్కడ పడిందో చూడు. మూలకి తోస్తున్నాడా, ముందుకే వదిలి మళ్ళీ దూకి ఆపుతున్నాడా? ఆ దూకుడుకే జనం చప్పట్లు కొడతారు, నిజానికి అది మొదటి తప్పుని కప్పుకోవడం. రెండోది, చెత్త గోల్ ఒకటి ఇచ్చిన తర్వాతి రెండు నిమిషాలు. టెన్షన్‌లో క్రీజ్ (నెట్ ముందు గీసిన చోటు) లోపలికి జారిపోతున్నాడా, అదే చోట నిలబడుతున్నాడా. నీ కుర్రాడు ఇందులో బాగున్నాడు, అందుకే నచ్చాడన్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. వింగర్ పేరెత్తకు. ఒక సెకండ్ రౌండ్ పిక్, నీ బెంచీ మీదున్న ఆ మూడో సెంటర్‌ని (మధ్యలో ఆడే ఫార్వర్డ్‌ని) ఇస్తానని చెప్పు. వద్దంటాడు, నవ్వుతాడు కూడా. నవ్వనీ. నవంబర్ దాకా ఆగు, ముందున్న పెద్ద గోలీ వరుసగా ఆడుతుంటే ఈ కుర్రాడు కింది లీగ్‌లో ఉంటాడు, ఎవరికీ గుర్తుండడు, అప్పుడు మళ్ళీ అదే మాట అడుగు. వాడు వింగర్ దగ్గరే పట్టుబడితే, కుర్రాడితో పాటు ఆ పెద్ద గోలీని కూడా కలిపి ఇమ్మను, అప్పుడు ఆ నెట్ మొత్తం నీదవుతుంది, ఎవడు ఆడినా నీకే. అలా అయితే వింగర్‌ని ఇచ్చినా నేనేమీ అనను.

వాడు ఏమన్నాడో ఆదివారం చెప్పు. మా వైపు ఎనిమిది దాటాక చెయ్యి, మీ పిన్ని అప్పటికి సీరియల్‌లో ఉంటుంది.

మీ బాబాయ్